రేఖ పెద్దరికం

చిత్రకళ పాఠ్యపుస్తకం ఏది తెరిచినా మొదటి పుటల్లోనే ఒక పట్టిక ఎదురవుతుంది. గీత, ఆకారం, ఘనరూపం, రంగు, ఛాయ, స్పర్శ, స్థలం అని ఏడు మూలకాలు. వాటిని వాడే తీరును చెప్పడానికి సమతూకం, వైరుధ్యం, ప్రాధాన్యం, లయ, నిష్పత్తి, కదలిక, ఏకత్వం అని కొన్ని సూత్రాలు. ఒక్కో పుస్తకంలో ఒకటి రెండు అటూ ఇటూ అవుతాయి. పిల్లలు వాటిని కంఠస్థం చేసి పరీక్షలో వరసగా రాసేస్తారు. పట్టికలో తప్పేమీ లేదు. లోకంలో ఏ బొమ్మను విప్పి చూసినా ఇవే దొరుకుతాయి. కాకపోతే పట్టిక అన్నింటికీ సమానమైన పీట వేస్తుంది. బొమ్మలో అలా ఉండదు.

బొమ్మ ఒక ఉమ్మడి కుటుంబం. అందులో పెద్ద ఒకరే. మిగతావాళ్లు ఎవరి పని వాళ్లు చేసుకుంటూనే ఆ పెద్ద మాటకు సర్దుకుంటారు. రెంబ్రాంట్ చిత్రంలో వెలుగునీడలు పెద్ద. అక్కడ గీత చీకట్లోకి జారి మాయమైపోతుంది, అలా మాయమవడమే దాని పని. మొనే చెరువులో రంగు పెద్ద. అక్కడ ఆకారం నీళ్లలో కరగడానికి ఒప్పుకుంటుంది. ఒక కళా సంప్రదాయం ఎలాంటిదో తెలియాలంటే అందులో ఏమేమి ఉన్నాయని లెక్కపెడితే చాలదు. ఎవరు పెద్ద, ఎవరు ఎవరికి తగ్గారు అని చూడాలి. తెలుగు నేల మీద పుట్టిన చిత్రాల్లో ఆ పెద్దరికం చాలావరకు రేఖది. నాకు ఈ సంగతి పుస్తకాల్లో కంటే ముందు లేపాక్షి గుడి కప్పు కింద తెలిసింది.

లేపాక్షి వీరభద్రాలయం 16వ శతాబ్దపు కట్టడం. అచ్యుత దేవరాయల కాలంలో పెనుకొండ కేంద్రంగా రాజోద్యోగాల్లో ఉన్న విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారని చెబుతారు. వచ్చినవాళ్లు చాలామంది వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి చూసి, నాగలింగం దగ్గర ఫొటో దిగి, బసవన్న దగ్గరికి వెళ్లిపోతారు. తల పైకెత్తిన వాళ్లకు దూలాల మధ్య పొడవాటి పట్టీల్లో బొమ్మలు బారులు తీరి కనబడతాయి. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, మనునీతి చోళుడి కథ. కథలు తెలియకపోయినా ఫరవాలేదు. చూపు ఒక మూల నుంచి మొదలుపెడితే చాలు, అదే పట్టీ వెంట నడుస్తుంది.

అక్కడ బారుగా నిలబడ్డ ఆడవాళ్ల వరస ఒకటి చూడండి. ముఖాలు పక్కవాటుగా ఉంటాయి. నుదుటి నుంచి ముక్కు మీదుగా పెదవులు దాటి గడ్డం దాకా ఒకే నల్లటి గీత తెగకుండా దిగుతుంది. లావు, సన్నం పెద్దగా మారని గీత. కొప్పు దగ్గర గుండ్రంగా తిరిగి, మెడ దగ్గర లోపలికి వంగి, భుజం మీద మళ్లీ బయటికొస్తుంది. కొంగు చివర మొనదేలి గాల్లోకి పొడుచుకొస్తుంది. ఒక చీరకు గళ్లు, ఇంకో చీరకు చారలు, మరోదానికి పువ్వులు. ముఖాల తీరు ఇంచుమించు ఒకటే, నిలబడ్డ తీరు ఒకటే, మారేది చీర ఒక్కటే. పాఠంలో లయ అని చదువుకున్నది ఇదే. మారనిది మళ్లీ మళ్లీ వస్తుంటే మారేది కంటికి ఆనుతుంది.

ఈ బొమ్మల్లో వెలుగు ఫలానా వైపు నుంచి పడుతోందని చెప్పలేం. ఒంటి మీద ఒక పక్క వెలుతురు, మరో పక్క నీడ అన్నది లేదు. చెంప గుండ్రదనం, నడుము వంపు అంతా గీత ఇచ్చిందే. రంగులు చూస్తే ఎర్రమట్టి, పసుపుమట్టి, సున్నపు తెలుపు, మసి నలుపు, కాస్త ఆకుపచ్చ. అవి గీత గీసిచ్చిన గదుల్లో చదునుగా పరుచుకుని ఊరుకున్నాయి. స్థలం కూడా అంతే. దూరంగా ఉన్నవి చిన్నవిగా, దగ్గరవి పెద్దవిగా వేయాలన్న పట్టింపు లేదు. వెనక ఎర్రటి నేల ఒక్కటే, దాని మీద మనుషులు. ప్రాధాన్యం చూపాలనుకున్నప్పుడు మాత్రం పరిమాణం పెంచారు. వీరభద్రుడు కప్పు నిండా నిలబడితే, గుడి కట్టించిన అన్నదమ్ములు ఆయన పక్కన చిన్నగా ఒదిగి ఉంటారు. చూసేవాడికి ఎవరు ముఖ్యమో క్షణంలో తెలిసిపోతుంది.

కొన్నిచోట్ల రంగు రాలిపోయింది. కొన్నిచోట్ల సున్నపు పూతే పెచ్చులూడింది. రంగు పోయినా గీత మిగిలిన చోట మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు. కుళ్లాయి పెట్టుకున్నాడనీ, చేయి చాపాడనీ, ఎవరితోనో మాట్లాడుతున్నాడనీ తెలుస్తుంది. గీత పోయి రంగు మిగిలిన చోట ఎర్రటి మరక తప్ప ఏమీ లేదు. బొమ్మ దేని మీద నిలబడిందో ఆ మాసిపోయిన చోటే నాకు బాగా అర్థమైంది. కాలం ఒక్కొక్కదాన్నే తీసేసుకుంటూ పోయినప్పుడు ఏది పోతే బొమ్మ పోతుందో అదే ఆ బొమ్మకు పెద్ద.

తర్వాత, బడిలో చెప్పే ఈ పట్టిక ఎక్కడ మొదలైందా అని చదువుతూ పోతే ఒక సంగతి నన్ను చాలా సంతోషపెట్టింది. అమెరికాలో చిత్రకళ బోధించిన ఆర్థర్ వెస్లీ డౌ 1899లో ‘కంపోజిషన్’ అనే పుస్తకం తెచ్చారు. అప్పట్లో చిత్రకళ చదువంటే ప్లాస్టర్ బొమ్మను ఎదురుగా పెట్టుకుని, వెలుగునీడలతో సహా దాని నకలు దించడం. డౌ దాన్ని పక్కనపెట్టి గీత, చీకటి వెలుగుల కూర్పు, రంగు అనే మూడింటితో పాఠం మొదలుపెట్టారు. ఆ మూడింట్లోనూ ముందు గీతే. ఈ దారి ఆయనకు దొరికింది జపాన్ చిత్రాల్లో. బోస్టన్ మ్యూజియంలో వాటిని చూసి, అక్కడి ఆసియా చిత్రాల బాధ్యత చూసిన ఎర్నెస్ట్ ఫెనోలోసాతో కలిసి పనిచేసి నేర్చుకున్నారు. అంటే, పడమటి నుంచి మనకు వచ్చిందనుకునే ఈ పాఠంలో కొంత భాగం గీతను నమ్ముకున్న తూర్పు దేశపు చిత్రాల నుంచి వెళ్లిందే.

డౌ చెప్పిన కూర్పు సూత్రాలు ఐదు. గీతలను ఎదురెదురుగా నిలపడం, ఆ ఎదురును మెత్తబరిచే సంధి వేయడం, ఒక ముఖ్యమైనదానికి మిగతావాటిని లోబరచడం, ఒకదాన్నే మళ్లీ మళ్లీ తేవడం, రెండు వైపులా సరితూచడం. మూడోది చూశారా, లోబరచడం! తర్వాత వచ్చిన పాఠ్యపుస్తకాలు దాన్ని ప్రాధాన్యం అని మార్చి, చిత్రంలో ఒకచోట కాస్త ముదురు రంగు వేస్తే సరిపోతుందన్నంత తేలిక చేసేశాయి. డౌ మాటలో బరువు ఎక్కువ. ఒకటి హెచ్చాలంటే మిగతావి తగ్గాలి. ఆ తగ్గడం కూడా చిత్రకారుడు ఆలోచించి చేయాల్సిన పనే.

మన పాత శాస్త్రాల్లో లెక్క వేరు. వాత్స్యాయన కామసూత్రాలకు యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్యానం చిత్రానికి ఆరు అంగాలు చెబుతుంది. రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్య యోజన, సాదృశ్యం, వర్ణికాభంగం. ఇందులో కొలతకు అందే ప్రమాణం పక్కనే కొలతకు అందని భావం ఉంది. రంగులు కలిపే నేర్పు ఉన్న వరసలోనే లావణ్యాన్ని కూర్చడం ఉంది. పనిముట్లు ఇవి, వాటిని వాడే పద్ధతులు ఇవి అని రెండు గంపలుగా విడదీయలేదు. రేఖకు విడిగా పేరు లేదు. కానీ రూపాన్ని రూపం నుంచి వేరుచేసేది, ప్రమాణాన్ని నిలబెట్టేది, ముఖంలో భావాన్ని తేల్చేది అంతా చివరికి గీతే. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రమైతే చూపు పండినవాళ్లు రేఖనే మెచ్చుకుంటారన్న అర్థం వచ్చేలా దానికి పెద్దపీట వేసింది.

ఈ పెద్దరికం శాస్త్రాల్లోకంటే చేతిపనిలో ఇంకా గట్టిగా కనిపిస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ వేసేవాళ్ల పక్కన కూర్చుని చూస్తే గీత అంటే ఎంత సాహసమో తెలుస్తుంది. గంజి తీసి ఉతికిన నూలు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. గుడ్డ లేత పసుపుగా మారుతుంది. పాలలోని కొవ్వు వల్ల తర్వాత వేసే రంగు పాకిపోకుండా ఉంటుంది. చింత బరికెలు కాల్చిన బొగ్గుతో ముందు పలచగా బొమ్మ గుర్తు పెట్టుకుంటారు. ఆ తర్వాత కలం. వెదురు పుల్లను మొన చెక్కి, మొనకు కాస్త పైన ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి దారంతో బిగిస్తారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెడితే వచ్చే ద్రావకంలో ఆ కలాన్ని ముంచుతారు. ఉన్ని దాన్ని పీల్చుకుంటుంది. వేళ్లతో ఉన్నిని ఎంత నొక్కితే అంత ద్రావకం మొనలోకి దిగుతుంది. గుడ్డలో ఉన్న కరక్కాయ వగరు ఇనుముతో కలవగానే నలుపు పుడుతుంది.

ఆ నలుపు ఇక పోదు. ఉతికినా, ఉడికించినా పోదు. చెరిపి మళ్లీ గీయడానికి వీల్లేదు. రాముడి కనుబొమ్మ దగ్గర చేయి వణికితే ఆ వణుకు బట్ట బతికినంత కాలం ఉంటుంది. అందుకే గీత వేస్తున్నంతసేపూ పక్కన ఎవరూ మాట్లాడరు. రంగుల దగ్గరికి వచ్చాక చేయి వదులవుతుంది, మాటలు మొదలవుతాయి. ఎరుపు రావలసిన చోట కలంతో పటిక నీళ్లు పూస్తారు. ఆ గుడ్డను మొక్కల వేళ్ల నుంచి తీసిన ఎర్రరంగులో ఉడికిస్తే పటిక ఉన్నంత మేరే ఎరుపు పడుతుంది. మిగతా చోట అంటుకున్నది పారే నీళ్లలో జాడిస్తే పోతుంది. నీలిమందు నీలానికి, కరక్కాయ పువ్వు పసుపుకి, ఆ రెండూ ఒకదాని మీద ఒకటి పడితే ఆకుపచ్చకి. దేవుళ్లకు నీలం, ఆడవాళ్లకు పసుపు అని రంగులకు కట్టుబాట్లు ఉన్నాయి. కానీ ఏ రంగైనా గీత గీసిన హద్దు లోపలే. కలంకారీలో రంగు ఎంత అందంగా ఉన్నా ముందుగా గీత ఇచ్చిన స్థలంలో కాపురం ఉండటానికే వస్తుంది.

దాదాపు ఆగిపోయే స్థితికి వచ్చిన ఈ పని 1950ల్లో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో మళ్లీ ఊపిరి పోసుకుంది. శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చింది. అక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. అప్పుడు కాపాడుకున్నది రంగుల తయారీని మాత్రమే అయితే ఈ కళ నిలిచేది కాదు. చెరపడానికి వీల్లేని గీత వేసే చేయి తరం నుంచి తరానికి అందింది కాబట్టే నిలిచింది.

చేర్యాల పటంలో వరస కొంచెం మారుతుంది. సుమారు మూడడుగుల వెడల్పుతో, పదుల అడుగుల పొడవుండే గుడ్డ. దానికి చింతగింజల అంబలి, తెల్లమట్టి పూసి గట్టిపరుస్తారు. దాన్ని ఊరి మధ్యలో విప్పుతూ కథ చెబుతారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, చాకలివారికి మడేలు పురాణం, ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథ. రాత్రిపూట దీపం వెలుగులో, దూరంగా కూర్చున్నవాడికీ కనిపించాలి. ఆ అవసరమే పటానికి నిండు ఎరుపు నేలను ఇచ్చింది. చూడగానే రంగే పెద్దదనిపిస్తుంది. ఈ పటాలు వేసే నకాశీ చిత్రకారుడు మాత్రం రంగులన్నీ నింపాక చివర్లో సన్నటి కుంచెతో నల్లటి గీత తిప్పుతాడు. కళ్లు తెరుచుకునేది, మీసం మెలి తిరిగేది, వేళ్లు విడివడేది అప్పుడే. శ్రీకాళహస్తిలో గీత ముందొచ్చి స్థలం పంచిపెడుతుంది. చేర్యాలలో చివరికొచ్చి తీర్పు చెబుతుంది.

ఇలా చెబుతూ పోతే తెలుగు చిత్రమంతా గీతేనని అనుకునే ప్రమాదం ఉంది. పోచంపల్లి చీర చేతిలోకి తీసుకుంటే ఆ మాట నిలవదు. అక్కడ బొమ్మ నేసిన బట్ట మీద వేసింది కాదు. నేయకముందే, నూలును ఆసు పోసి, లెక్క ప్రకారం పోగుల కట్టలకు దారం బిగించి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ముంచితే వచ్చింది. కట్టు ఎంత బిగించినా అంచున రంగు వెంట్రుకవాసి లోపలికి పాకుతుంది. మగ్గం మీద పడుగూ పేకా కలిసేటప్పుడు ఇంకో వెంట్రుకవాసి జరుగుతుంది. అందుకే ఆ చీరల మీది ఆకారాలన్నింటికీ అంచులు నురగలా విడిపోయి ఉంటాయి. ఇక్కడ గీతకు మాట చెల్లదు. పోగుల లెక్క పెద్ద. ఆ లెక్క తప్పకుండా ఉంటే అంచు కాస్త చెదరడమే అందమైంది. వడ్డాది పాపయ్య చిత్రాల్లోనూ అంతే. చందమామ ముఖచిత్రాలుగా మన ఇళ్లకు వచ్చిన ఆ బొమ్మల్లో రంగు పొగమంచులా అల్లుకుని, గీతను తనలో కలిపేసుకుంటుంది. పెద్ద మారితే ఇల్లంతా మారుతుందనడానికి ఇవి మన మధ్యే ఉన్న రుజువులు.

బాపుగారి దగ్గరికి వచ్చేసరికి గీత మళ్లీ తన చోటుకు చేరుకుంది. ఆ విజయంలో ఆయన చేతి మహిమతోపాటు అచ్చు యంత్రం వాటా కూడా ఉందని నా నమ్మకం. అక్షరాలు పేర్చి పత్రికలు అచ్చేసే కాలంలో బొమ్మలకు రెండు రకాల బ్లాకులు ఉండేవి. గీతల బొమ్మకు లైన్ బ్లాకు. ఛాయలున్న బొమ్మకు వాటిని సన్నటి చుక్కలుగా విడగొట్టే హాఫ్‌టోన్ బ్లాకు. చవక న్యూస్‌ప్రింట్ సిరా పీల్చడంతో ఆ చుక్కలు ఒకదానిలో ఒకటి అలుక్కుపోయేవి. గీత మాత్రం గీసినది గీసినట్టు పడేది. వారపత్రికల కాగితం గీతను కోరింది. ఆ కోరికకు సరిపోయే చేయి మనకు దొరికింది.

ఆయన గీసిన అమ్మాయి ముఖాన్ని తీరిగ్గా చూడండి. కాటుక కళ్లు రెండూ నిండుగా ఉంటాయి. ముక్కుకు చిన్న వంపు చాలు. జడ ఒక్క ఊపులో, కుంచె బరువు పెంచుతూ తగ్గిస్తూ దిగిపోతుంది. లేపాక్షి గీత ఒకే లావుతో సాగేది, బాపు గీత ఊపిరి పీల్చి వదులుతుంది. ఇక చెంప దగ్గర గీత లేదు, రంగు లేదు, ఏమీ లేదు. ఉన్నది కాగితమే. అయినా అది మనకు కాగితంలా కనిపించదు, నునుపైన చెంపలా కనిపిస్తుంది. కంటికీ జడకూ మధ్య గీత వదిలేసిన ఆ ఖాళీని మన చూపే నింపుతుంది. పాఠ్యపుస్తకం స్థలాన్ని ఏడో మూలకంగా చెప్పి ఊరుకుంటుంది. ఎక్కడ ఆగాలో తెలిసిన గీత పక్కన ఖాళీకి ఎంత విలువ వస్తుందో బాపు బొమ్మ చూపిస్తుంది. ఆయన చేతిరాతకు వచ్చిన ఆదరణలోనూ ఇదే సంగతి ఉంది. అక్షరానికీ బొమ్మకూ ఆయన వాడింది ఒకే గీత. అందుకే శుభలేఖల మీదా, సినిమా పేర్లలోనూ ఆ అక్షరాలు చూడగానే గుర్తుపడతాం.

ఇదంతా ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, మన పిల్లలకు చిత్రకళను మనం ఇంకా డౌ పక్కనపెట్టిన పాత పద్ధతిలోనే మొదలుపెడుతున్నాం. ఒక కూజా, ఒక పండు, ఎడమవైపు నుంచి వెలుతురు, కుడివైపు పెన్సిల్‌తో రుద్దిన నీడ. అది నేర్చుకోవద్దని అనను. ఘనరూపాన్ని కాగితం మీదికి తేవడం గొప్ప విద్యే. కానీ తెల్లవారితే వాకిట్లో చుక్కల ముగ్గు చూసే పిల్లకు, బడిలో మాత్రం చిత్రమంటే నీడలు రుద్దడమే అని చెబితే ఆమె అప్పటికే నేర్చుకున్నది చదువు కాదని చెప్పినట్టవుతుంది. కాండిన్‌స్కీ 1926లో ప్రచురించిన పుస్తకంలో చుక్క కదిలితే గీత పుడుతుందని వివరించారు. మెలిక ముగ్గు ఇంకో దారి చూపిస్తుంది. అందులో చుక్క కదలదు, గీతే దాన్ని తాకకుండా చుట్టూ తిరిగి మొదలైన చోటికి వస్తుంది. చుక్కల వరసలు సరిగా పడితేనే సమతూకం. మెలిక ఒకే తీరున తిరిగితేనే లయ. గీత ఎక్కడా తెగకపోతేనే ఏకత్వం. డ్రాయింగ్ మాస్టారు తన మొదటి పాఠం అక్కడి నుంచి చెబితే పట్టికలోని సగం మాటలకు పిల్లల దగ్గర అప్పటికే ఉదాహరణలు ఉంటాయి.

మరో అడుగు కూడా వేయాలి. పిల్లల్ని లేపాక్షికి, శ్రీకాళహస్తికి, చేర్యాలకు, పోచంపల్లికి తీసుకెళ్లాలి. అక్కడ మూలకాల పేర్లు అడగకూడదు. ఈ బొమ్మలో పెద్ద ఎవరో చెప్పమనాలి. రంగును చేత్తో మూసినట్టు ఊహించుకోమనాలి, బొమ్మ ఇంకా ఉందా అని అడగాలి. గీత తీసేసినట్టు ఊహించుకోమనాలి, ఇప్పుడేం మిగిలిందో చెప్పమనాలి. ఆ ప్రశ్న పట్టుబడితే వాళ్లు బొమ్మల దగ్గరే ఆగిపోరు. దుకాణం బోర్డు, పుస్తకం అట్ట, ఫోనులోని యాప్, కొత్తగా కట్టిన బస్టాండు, అన్నింటినీ అదే కంటితో పరిశీలిస్తారు. అన్ని అక్షరాలూ ఒకే లావున అరిచే బోర్డు చదవబుద్ధి ఎందుకు కాదో, నాలుగు రంగులూ పోటీపడే అట్ట ఎందుకు అలసట పుట్టిస్తుందో ఎవరూ చెప్పక్కర్లేకుండా కారణం చెప్పగలుగుతారు. అక్కడ పెద్ద అంటూ లేదు కాబట్టి ఎవరూ ఎవరికీ తగ్గలేదు.

రేఖను పెద్దగా పెట్టుకున్న వారసత్వం మనది. దాన్ని గర్వంగా చెప్పుకోవడం ఒక్కటే సరిపోదు, కాపాడుకోవాలి కూడా. లేపాక్షి కప్పు మీద ఇంకా నిలిచిన ప్రతి గీతనూ నిపుణుల చేత భద్రపరిపించాలి. వాటిని ఉన్నవి ఉన్నట్టు నకలు తీసి బడి పుస్తకాల్లోకి తేవాలి. చెరపడానికి వీల్లేని నలుపుతో గీయడానికి సిద్ధపడే కుర్రవాడికి ఆ ధైర్యానికి తగ్గ కూలి దక్కాలి. ఈ మూడూ జరిగితే, మూలకాలు ఏడా ఎనిమిదా అన్నది పిల్లలు ఎప్పుడైనా పుస్తకంలో చూసుకోవచ్చు. ముందు వాళ్లకు ఒక మంచి గీతను చూసి గుర్తుపట్టే కన్ను అలవడుతుంది. చిత్రకళ చదువుకు అంతకన్నా మంచి ఆరంభం నాకు తోచడం లేదు.